రెండు నడుముల ఆనపబుర్ర

నా పెనిమిటికి ఆనపకాయల పిచ్చి. కూరకు పనికొచ్చే ఆనపకాయలైతే నేను అంత గొంతు చించుకునేదాన్ని కాదు. ఆయన పెంచినవి చేదువి. తీగ మీదే ముదరనిచ్చి, ఎండబెట్టి, లోపలి గుజ్జంతా తీసేసి నీళ్ళ బుర్రలు చేస్తారు చూడండి, ఆ రకం. ఆ రోజుల్లో మా దిక్కు చేనుకు పోయే ప్రతివాడి భుజానికీ, గొర్రెలు కాసే ప్రతివాడి కర్రకూ అలాంటి బుర్ర ఒకటి వేలాడుతూ ఉండేది. అందరూ తీగకు ఎలా కాస్తే అలా కోసుకుని వాడుకునేవాళ్ళు. మా ఆయనకు అలా కుదరదు. కాయ ఎలా పెరగాలో ఆయన చెప్పాలి, అది వినాలి. పెళ్ళాం చెప్పిన ఒక్క మాట తాను వినడు గానీ, తన మాట ఆనపకాయ వినాలట!

మా ఊరు భువనగిరికి దగ్గర. మా చెలకలో నిలబడి తలెత్తితే ఖిలా ఉన్న బండ కనబడుతుంది. మూడెకరాల చెలక, ఒక మోటబావి, రెండెద్దులు. పనికి కొదవలేదు. అయినా తొలకరి పడగానే ఆయన మొదట చేసే పని పెరట్లో గుంతలు తవ్వి, పెంట వేసి, ఆనపగింజలు పెట్టడం. తీగ పందిరెక్కి పిందె పడిందంటే ఇక ఆయన ఇంట్లో ఉన్నా లేనట్టే. వేలెడు పిందె నడుముకు పాతచీర పేలిక కట్టేవాడు. కట్టిన చోట సన్నగా ఉండిపోయి, కాయ పైనా కిందా ఉబ్బేది. మెడ తిన్నగా రావాలంటే చిన్న రాయి కట్టి వేలాడదీసేవాడు. వంకర కావాలంటే కట్టె ఆనించేవాడు. రోజూ ఆ కట్లు విప్పి, కాస్త వదులు చేసి మళ్ళీ కట్టాలి. లేకపోతే పేలిక తోలులోకి దిగి కాయ కుళ్ళిపోతుంది. నా పాతచీరలన్నీ ఆ పందిరికే పోయాయి.

అన్నిటికంటే ఆయనకు ఇష్టమైన పని ముల్లుతో గీయడం. కాయ ఇంకా నూగుతో మెత్తగా ఉన్నప్పుడే తుమ్మముల్లు తీసుకుని పైతోలు మీద సన్నగా ఒక బొమ్మ గీసేవాడు. ఎప్పుడూ ఒకటే బొమ్మ, ఒంటికాలి మీద నిలబడ్డ కొంగ. గీసిన రోజున అది గోరంత ఉండేది. గీత మానుతూ గట్టిపడి పైకి తేలేది. కాయ పెరిగిన కొద్దీ కొంగ కూడా పెరిగేది. ఆయన సంబరమంతా అక్కడే. పొద్దున లేచి ముఖమైనా కడగకుండా పందిరి కిందికి పోయి మెడ పైకెత్తి నిలబడేవాడు.

“ఇగో, ఇటు రాయే. నిన్నటికి ఇయ్యాల్టికి రెక్క ఎంత పెరిగిందో సూడు.”

“కొట్టంల పేడ గూడ పెరిగింది. వచ్చి అది సూడు ముందుగాల.”

కాయ ఎండి, గుజ్జు మురిగి, గులకరాళ్ళు వేసి ఆడించి కడిగి, ఆముదం రాసి పొయ్యి మీది పొగకు నెలరోజులు వేలాడదీస్తే, బుర్ర బెల్లం రంగుకు తిరిగేది. అప్పుడు దాన్ని పట్టుకొచ్చి నా ముందు పెట్టి “ఎట్లున్నదే?” అని అడిగేవాడు.

“నీళ్ళు పడ్తయా?”

“పడ్తయి.”

“పడితె సరే. కొయ్యకు తగిలియ్యి.”

కాపురానికొచ్చిన తొలి ఎనిమిదేళ్ళలో ఎన్ని బుర్రలు చేశాడో అన్నిసార్లూ ఇదే ముచ్చట. ఆయనకు కావలసింది ‘మంచిగున్నది’ అనే ఒక్క మాట. నాకు తెలియక కాదు. తెలిసే అనలేదు. అంటే ఇంకా నెత్తికెక్కుతాడని, ఉన్న పని కూడా వదిలేసి పందిరి కిందే మంచం వేసుకుంటాడని నా భయం. అదీగాక నా నోరు అలాంటిది. తిట్టు పెదవి మీదే ఉంటుంది, మెచ్చుకోలు మాత్రం ఎంత తోడినా పైకి రాదు.

ఒకసారి మొక్కు ఉండి యాదగిరిగుట్టకు పోయాం. అమ్ముదామని నేనే చెప్తే నాలుగు బుర్రలు మూటకట్టుకుని వచ్చాడు. మెట్ల దగ్గర ఒక ముసలాయన ఆగి, ఒక బుర్ర చేతిలోకి తీసుకుని, కొంగ మీద వేలితో నిమిరి “అబ్బ, ఎంత ముద్దుగున్నది బిడ్డా” అన్నాడు. అంతే. మా ఆయన ముఖం ఇంత అయింది. “తీస్కపో తాతా” అని బుర్ర ఆయన చేతిలోనే ఉంచేశాడు. మిగతా మూడూ అలాగే పోయాయి. ఇంటికి చేరేదాకా దారి పొడుగునా తిట్టాను. ఆయన నవ్వుకుంటూ నడిచాడు. “ముద్దుగున్నదన్నడు, ఇన్నవా?” అని రెండుసార్లు అడిగాడు. విన్నాను. విననట్టే నడిచాను.

అవి వెట్టి రోజులు. దొర పొలంలో మా ఎద్దులు ముందు దున్నాలి, తరువాతే మా చెలక. గడీలో పెళ్ళయితే కట్టెలు మేమే మోయాలి. ఒకసారి గడీ నుంచి మనిషి వచ్చి, దొరసానికి జింకబొమ్మ ఉన్న బుర్ర కావాలని చెప్పిపోయాడు. ఈయన చేయలేదు. తీగకు పురుగు పట్టిందని చెప్పి రెండు దెబ్బలు తిన్నాడు గానీ, చేయలేదు. ఒక కాయ గీసి పారేస్తే పోయేదానికి వీపు పగలగొట్టించుకున్నావని ఆ దెబ్బలకు పసుపు రాస్తూ నేనూ తిట్టాను. పొద్దున లేస్తే ఎవడో ఒకడు చెప్పిన పని చేసే మనిషికి, ఎవడూ చెప్పకుండా తనంతట తాను చేసుకునే పని అదొక్కటే ఉండేదని నాకు అర్థం కావడానికి చాలా ఏళ్ళు పట్టింది.

ఇక ఆ రెండు నడుముల బుర్ర. ఒక నడుము ఎవడైనా తెప్పిస్తాడట. రెండు తెప్పించాలని ఆయన పంతం. మొదటి ఏడు కాయ రెండో కట్టు దగ్గర చీలిపోయింది. రెండో ఏడు కుళ్ళింది. మూడో ఏడు నిలిచింది. నిండుగా, పొడుగ్గా, మూడు ఉబ్బులతో, నడిమి ఉబ్బు మీద జానెడు కొంగతో దిగింది. పొగకు పెట్టిన నెలరోజులూ రోజూ దించి చూసుకుని మళ్ళీ పెట్టాడు. నూనె రాసి ఒకనాడు నా ముందుకు తెచ్చాడు. ఎప్పటిలాగే “ఎట్లున్నదే?” అన్నాడు. అది బాగుంది. నిజంగా బాగుంది. నేను ఒకసారి చేతిలోకి తీసుకుని తిప్పి చూసి, “రెండు నడుములెందుకయ్యా, నాకున్న ఒక్క నడుమే ఇరుగుతాంది” అన్నాను. ఆయన నవ్వాడు. నవ్వి, బుర్రను తానే తీసుకుపోయి కొయ్యకు తగిలించుకున్నాడు.

ఆ ఎండాకాలానికి మా ఊళ్ళో, వెట్టి చేయొద్దని లేచిన సంఘం గట్టిపడింది. దొర గడీకి తాళం వేసి పట్నం పోయాడు. వెట్టి పోయింది. సంఘం వాళ్ళు పలకలు తెచ్చి ఆడవాళ్ళకు కూడా అక్షరాలు నేర్పారు. ఈ రాస్తున్న అక్షరాలు నాకు అప్పుడు వచ్చినవే. ఊరి వెనక గుట్టల్లో తుపాకులు పట్టుకున్న దళం ఉందని అందరికీ తెలుసు, ఎవరూ పైకి అనరు. వాళ్ళకు రొట్టెలు పోయే ఇళ్ళల్లో మాదీ ఒకటి. ఆ సంగతి నాకు తెలుసు, మా ఆయనకు తెలియదు. చెప్పొద్దని సంఘం వాళ్ళ మాట. చెప్పకపోవడమే మంచిదని నాకూ అనిపించింది. తీగకు కొత్త పిందె పడితే ఊరంతా తిరిగి చెప్పే మనిషి కడుపులో ఇలాంటి మాట ఆగుతుందా?

ఒకనాడు మిట్టమధ్యాహ్నం, ఆయన ఎద్దులను నీళ్ళకు తోలుకుపోయిన వేళ, దళం మనిషి ఒకడు పెరటి దడి దాటి వచ్చాడు. పాతికేళ్ళు ఉంటాయేమో. గుట్ట మీద నీళ్ళు లేవు, మోసుకుపోవడానికి ఏదైనా కావాలన్నాడు. కుండ ఇస్తే రాళ్ళల్లో పగులుతుంది. చెంబు ఇస్తే ఎండకు మెరుస్తుంది, తగిలితే మోగుతుంది. కొయ్య వైపు చూశాను. పెద్దది, తయారుగా ఉన్నది అదొక్కటే. రెండు నడుములకూ తాడు వేసి బిగిస్తే వీపు మీద జారకుండా కూర్చుంది. నీళ్ళు నింపాను. ఆ అబ్బాయి వెంటనే పోలేదు. కొంగను చూస్తూ నిలబడ్డాడు.

“ఎవరు చేసిండ్రక్కా గిది? గింత ముద్దుగున్నది. గుట్టలల్ల తిప్పాల్నంటె మనసొప్పుతలేదు.”

“పనిపాట లేనోడు చేసిండు. తీస్కపో, పొద్దు పోతాంది” అన్నాను.

సాయంత్రం ఈయన వచ్చి కొయ్య ఖాళీగా ఉండటం చూశాడు. అడుగుతాడని తెలిసి మాట తయారుగా పెట్టుకున్నాను. దులుపుతుంటే చేయి జారి బండ మీద పడి పగిలిందని, ముక్కలు పెంటకుప్ప మీద పారేశానని చెప్పాను. ఆయన పెంటకుప్ప దగ్గరికి పోయి కట్టెతో కెలకడం మొదలుపెట్టాడు.

“ముక్కలు లేవు గదనే.”

“పోరగాండ్లు ఎత్కపోయి ఉంటరు.”

“కొంగ ఉన్న ముక్కన్న దొరుకుతదేమో” అన్నాడు.

రెండు రోజులు వెతికాడు. గల్లీలో పిల్లల్ని పిలిచి అడిగాడు. మూడో రోజు మానేశాడు గానీ, ఆ ఏడు గింజలు పెట్టమంటే మనసు పోతలేదన్నాడు. నాకు నిజం చెప్పాలనిపించింది. పదిసార్లు నోటిదాకా వచ్చింది. ఆయన మీద నమ్మకం లేక మింగేశాను. ఇప్పుడు ఆలోచిస్తే, ఒక్క కాయ కోసం మూడేళ్ళు ఓపిక పట్టిన మనిషికి నోట్లో మాట ఆగదని నేనెలా అనుకున్నానో నాకే తెలియదు.

వానాకాలం చివర మిలట్రీ వచ్చింది. నవాబు సర్కారు పోయిందన్నారు. ఊళ్ళల్లో లారీలకు పూలదండలు వేశారు, మేమూ వేశాం. కష్టాలు గట్టెక్కాయనుకున్నాం. చలికాలం వచ్చేసరికి ఆ మిలట్రీయే సంఘం ఉన్న ఊళ్ళ మీదికి మళ్ళింది. తాళం వేసిన గడీ తెరిచి అందులో క్యాంపు పెట్టారు. గుట్టలు గాలించడం మొదలైంది.

ఒక పొద్దున ఊరినంతా చావడి ముందుకు తోలారు. మగవాళ్ళు ఒక పక్క, ఆడవాళ్ళు ఒక పక్క. నడుమ నులకమంచం వేసి దాని మీద గుట్ట గుహలో దొరికిన సామాను పరిచారు. గొంగడి ఒకటి, సత్తుగిన్నె ఒకటి, తెగిన చెప్పు, మా బుర్ర. మనుషులెవరూ దొరకలేదట. ఆఫీసరు హిందీలో అడుగుతుంటే మా ఊరి పోలీసు పటేలు తెలుగులో చెప్తున్నాడు. ఒక్కొక్కరినీ మంచం దగ్గరికి పిలిచి, ఇవి ఎవరివో చెప్పమంటున్నారు.

మా ఊళ్ళో ఆ కొంగను గుర్తుపట్టని మనిషి లేడు. సగం ఇళ్ళల్లో ఆ కొంగ వేలాడుతోంది. అయినా వచ్చినవాళ్ళంతా “ఎరుకలేదు” అన్నారు. గట్టు తగాదా ఉండి మాతో నాలుగేళ్ళుగా మాట్లాడని పక్కచేను ఆయన కూడా బుర్రను అటూ ఇటూ తిప్పి “మా దిక్కుది కాదయ్యా” అన్నాడు. ఎవరూ ఎవరికీ చెప్పలేదు. ఊరు ఊరంతా ఒక్క మాట మీద నిలబడింది. నాకు కాస్త ఊపిరాడింది. మా ఆయన ఎక్కడో వెనక వరుసలో ఉన్నాడు, ఆయనకింకా మంచం కనబడలేదు.

అప్పుడు ఆ ఆఫీసరు బుర్రను చేతిలోకి తీసుకున్నాడు. ఎండలోకి పైకెత్తి తిప్పి చూశాడు. పటేలుతో ఏదో అన్నాడు. “ఆఫీసరు దొర అంటుండు, గిసొంటి పనితనం ఆయన ఊర్ల గూడ సూడలేదట. ఎంత మంచిగ చేసిండ్రు అంటుండు” అని పటేలు అరిచాడు. అది మనసులోంచి వచ్చిన మాటో, పట్టుకోవడానికి వేసిన ఎరో నాకు ఇప్పటికీ తెలియదు.

వెనక వరుస కదిలింది. మనుషుల్ని తోసుకుంటూ మా ఆయన ముందుకు వస్తున్నాడు. నేను కళ్ళతో వద్దన్నాను, తల అడ్డంగా ఊపాను. ఆయన నన్ను చూస్తేగా! రెండు చేతులూ చాపుకుని తిన్నగా దాని దగ్గరికి పోయాడు. ఆయన ముఖంలో అంత వెలుగు మా పెళ్ళినాడు కూడా నేను చూడలేదు.

“పగల్లేదా గిది! పగల్లేదు గదా!” అన్నాడు.

బుర్రను గుండెకు ఆనించుకుని, కొంగను బొటనవేలితో తుడిచాడు. అప్పుడు పటేలు మెల్లగా అడిగాడు, “నువ్వు చేసిందేనా?” ఈయన అవునని తల ఊపాడు. “మరి గుట్టల మీదికి ఎట్ల పోయింది?”

ఆ మాటకు ఆయన తలెత్తి ఆడవాళ్ళ వైపు చూశాడు. నన్ను చూశాడు. అంతా ఆయనకు అర్థమవడం నాకు కనబడింది. ముఖంలో వెలుగు కొంచెం తగ్గింది, ఆరిపోలేదు. మళ్ళీ పటేలు వైపు తిరిగి, “నేనే ఇచ్చిన. బాట పొంటి పొయ్యేటోడు దూపైతుంది, నీళ్ళు గావాలంటె ఇచ్చిన. మా ఇంట్ల ఎవ్వలకు ఎరుకలేదు” అన్నాడు.

ముందుకు పోయి నేనే ఇచ్చానని చెప్పాల్సింది. కాళ్ళు కదలలేదు అని చాలామందితో చెప్పుకున్నాను. కదిలేవే. నేను కదల్చలేదు.

ఎనిమిది నెలలు ఉంచుకున్నారు. మొదట గడీలో, తరువాత ఇంకెక్కడో. తిరిగొచ్చినప్పుడు కుడిచేతి మూడు వేళ్ళు మడత పడటం లేదు. అన్నం ముద్ద బొటనవేలూ చూపుడువేలుతో ఎత్తుకునేవాడు. దళం మనుషులెవరో, గుహలెక్కడో ఆయన చెప్పలేదని తరువాత ఊళ్ళోవాళ్ళు అన్నారు. ఏం చెప్తాడు, ఆయనకు తెలిస్తేగా? తెలిసింది ఒక్కటే, నా పేరు. అది చెప్పలేదు.

నన్ను ఏమీ అడగలేదు. నేనూ చెప్పలేదు. తొలకరికి నేనే గుంతలు తవ్వి గింజలు పెట్టాను. తీగ వచ్చింది, పిందె పడింది. పేలికలు చించి ఆయన ముందు పెట్టాను. “నువ్వే కట్టు” అన్నాడు. కట్టాను. రెండు రోజులు వదులు చేయడం మరిచిపోయాను, కాయ కుళ్ళింది. ఆ తరువాత పందిరి కట్టెలు వంటచెరకు కింద పోయాయి.

పదేళ్ళు దాటిన తరువాత ఒక మధ్యాహ్నం ఇద్దరం వాకిట్లో కూర్చుని చింతపండు గింజ తీస్తున్నాం. గొర్రెల మంద ఒకటి పోతోంది. గొర్రెలాయన భుజానికి నల్లగా మారిన బుర్ర, దాని మీద కొంగ. అరిగిపోయి ముక్కు, కాలు మాత్రం మిగిలాయి. మంద దాటేదాకా ఆయన చూస్తూనే ఉన్నాడు. నాకు ఇక ఆగలేదు.

“గా బుర్ర నేనే ఇచ్చిన. పగిలిందని నీకు అబద్ధం చెప్పిన” అన్నాను.

“నాకెరుకే.”

“నన్ను తిట్టయ్యా. ఒక్కసారన్న తిట్టు.”

ఆయన తిట్టలేదు. చేతిలో ఉన్న గింజ తీసి పక్కన వేశాడు. తరువాత అడిగాడు.

“తీస్కున్నోడు ఏమన్నడే? గట్లనే పట్టుకపోయిండా, సూసిండా?”

“సూసిండు. ఎవరు చేసిండ్రక్కా, గింత ముద్దుగున్నది, గుట్టలల్ల తిప్పాల్నంటె మనసొప్పుతలేదన్నడు.”

ఆయన చేతిలో చింతపండు అలాగే ఉండిపోయింది. “మల్ల చెప్పు” అన్నాడు. మళ్ళీ చెప్పాను. ఆ మాట మా పెరట్లోనే, ఆయన కొయ్య కిందే అన్నారు. అంతకాలం దాన్ని నా దగ్గరే దాచుకున్నాను.

“మరి నువ్వేమన్నవు?”

పనిపాట లేనోడు చేసిండని అన్నానని ఎలా చెప్పను? “నా మొగడే చేసిండన్న” అని చెప్పాను. ఆయన తల వంచుకుని చిన్నగా నవ్వుకున్నాడు, యాదగిరిగుట్ట నుంచి వస్తూ దారిలో నవ్వినట్టే. ఆ బుర్ర గురించి నేనాడిన రెండో అబద్ధం అది.

ఆ తరువాత ఇంకో ఎనిమిదేళ్ళు బతికాడు. అప్పుడప్పుడు ఆ అబ్బాయి మాట మళ్ళీ చెప్పించుకునేవాడు, నేను చెప్పేదాన్ని. ఆ బుర్ర నాకూ బాగుందని ఆ ఎనిమిదేళ్ళలో ఒక్కనాడూ చెప్పలేదు.